వంగ నేర్చిన మాను
(ఆర్థర్ ఆష్ చరిత్రమునుండి ఒక పాఠము)

“మొక్కై వంగనిది మానై వంగునా” యని మన పెద్దలు చెప్పుదురు. చేతివ్రాత దిద్దుకొనని బాలుని జూచి తండ్రి యీ మాట యనును; పెందలకడ నిద్రలేవని బాలికను జూచి తల్లి యీ మాట యనును. విని విని మన విద్యార్థుల చెవులకు ఈ సామెత సోకుటయే మానినది. సామెత నిజమే. కాని దానిలో పైకి జెప్పబడని రెండవ సగ మొకటి కలదు. మొక్కనాడు వంగ నేర్చినది మానైన పిదపను అవసరము వచ్చినపుడు వంగగలదు. వంగియు వేరు విడువక నిలువగలదు. ఈ రెండవ సగమునకు నిదర్శనముగా ఒక టెన్నిసు వీరుని జీవితమును ఈ సంవత్సరపు సంచికలో మా విద్యార్థుల యెదుట నుంచుచున్నాము.

ఆటస్థలమున ఓటమి కలిగినపుడు పిల్లలలో రెండు తెగలవారు కనబడుదురు. మొదటివాడు నిరాశపడి బ్యాటు క్రింద పడవేసి, “నా వలన కాదు” అనును. రెండవవాడు పట్టుదల గలవాడు. అతడు ఏ పద్ధతిచే ఓడెనో ఆ పద్ధతినే మరింత బలముతో మరల ప్రయోగించి, మరల ఓడును. చదువులోను ఇట్లే. లెక్క రాని బాలుడొకడు పుస్తకము మూసివేయును. మరియొకడు అర్థము కాని ఆ లెక్కనే పదిసార్లు వల్లెవేయును. మొదటివానికి ధైర్యము లేదు. రెండవవానికి ధైర్యమున్నది గాని, తన పద్ధతిని మార్చుకొను నేర్పు లేదు. గమ్యమును విడువక మార్గమును మార్చుకొనగల మూడవవాడు అరుదు. అట్టివాడే ఆర్థర్ ఆష్.

బాల్యము

ఆర్థర్ ఆష్ 1943 జూలై 10వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో వర్జీనియా రాష్ట్రపు ముఖ్యపట్టణమగు రిచ్‌మండ్‌లో జన్మించెను. ఆ కాలమున అచ్చట వర్ణభేదము చట్టముచేతనే పాటింపబడుచుండెను. నల్లజాతివారికి వేరు పాఠశాలలు, బండిలో వేరు స్థలములు, వేరు ఆటస్థలములు. ఆష్ తండ్రి నల్లజాతివారికై యేర్పరుపబడిన బ్రూక్‌ఫీల్డ్ అను ఉద్యానవనమునకు కావలిదారు. కుటుంబము ఆ ఉద్యానవనములోని యింటనే కాపురముండెను. టెన్నిసు కోర్టులు వారి వాకిటనే యుండెను. ధనికుల ఆటయని పేరొందిన టెన్నిసు ఒక కావలిదారుని కుమారునకు ఇట్లు పరిచయమయ్యెను.

ఆరేండ్ల వయస్సున, అనగా 1950లో, ఆ బాలునకు తల్లి చనిపోయెను. బక్కపలచని దేహము, మితభాషి, పుస్తకములయం దిష్టము గలవాడు. తండ్రి మిక్కిలి కఠినుడు. పాఠశాలనుండి యింటికి నడచి వచ్చుటకు ఎంతసేపు పట్టునో తాను స్వయముగా కుమారునితో నడచి లెక్కించి, అంతకు మించి ఆలస్యము చేయరాదని నియమించెను. రాన్ చారిటీ యను కళాశాల విద్యార్థి యొకడు ఆ కోర్టులపై ఆడుచుండెను. అతడే ఆ పిల్లవానికి బ్యాటు పట్టుట మొదట నేర్పెను.

మొక్క వంగిన దినము

వర్జీనియాలోనే లించ్‌బర్గ్ అను పట్టణమున డాక్టరు రాబర్ట్ వాల్టర్ జాన్సన్ అను నల్లజాతి వైద్యు లుండిరి. ఆయన తన యింటి ప్రక్కనే టెన్నిసు కోర్టు వేయించి, ప్రతి వేసవియందును నల్లజాతి బాలబాలికలను చేరదీసి శిక్షణ మిచ్చుచుండిరి. తరువాత 1957లోను 1958లోను వింబుల్డన్ స్త్రీల పోటీలలో గెలిచిన ఆల్థియా గిబ్సన్ ఆయన ప్రోత్సాహము పొందినవారిలో నొకరు. 1953 వేసవిలో పదేండ్ల ఆష్ ఆయన యొద్దకు పంపబడెను.

అచ్చట మొదటనే ఒక చిక్కు వచ్చెను. డాక్టరుగారి యింట నేర్పు పద్ధతి చారిటీ నేర్పిన పద్ధతివంటిది కాదు. బాలుడు తన మొదటి గురువు మాటనే పట్టుకొని, క్రొత్త పద్ధతికి లోబడనని భీష్మించెను. డాక్టరుగారు తండ్రికి కబురుచేసిరి. తండ్రి రిచ్‌మండ్‌నుండి వచ్చి, ఇప్పుడు నీకు నేర్పువారు డాక్టరుగారు గనుక వారు చెప్పినట్లు చేయుమని కుమారునకు స్పష్టముగా చెప్పెను. ఆ దినము మొదలుకొని ఆ బాలుడు మారు పలుకలేదు.

విద్యార్థులారా! ఇది చిన్న సంగతియని తలపకుడు. తనకు వచ్చిన విద్యను ప్రక్కన బెట్టి క్రొత్తది నేర్చుకొనుట పెద్దలకే దుస్సాధ్యము. మనకు కొంత చేతనైన పనియందే మనకు గర్వ మెక్కువ. ఆ గర్వమును పదియవ యేట ఒకసారి విడిచినవాడు ముప్పదిరెండవ యేట మరల ఎట్లు విడిచెనో ముందు చూతుము.

డాక్టరు జాన్సన్ గారు తమ శిష్యులకు ఆటతోపాటు కొన్ని కఠినమైన నియమములు పెట్టిరి. అంపైరుతో వాదింపరాదు. ఆటలో ప్రక్కలు మారునపుడు బంతులను ప్రత్యర్థి చేతికి మర్యాదగా నందింపవలెను. ప్రత్యర్థి కొట్టిన బంతి గీతకు కొంచెము వెలుపల పడినను, దానిని లోపల పడినదిగనే యెంచి ఆడవలెను. ఎందు కనగా, తెల్లవారి పోటీలలోనికి నల్లజాతి పిల్లలను ప్రవేశపెట్టుటకు ఆయన యత్నించుచుండిరి. ఈ పిల్లలు తగవులాడిరను నెపము చూపి తలుపులు మూయుటకు ఎవ్వరికిని అవకాశ మీయరాదని ఆయన సంకల్పము.

ఈ నియమము న్యాయమా? కాదు. తన తప్పు లేకయే ఒక బాలుడు తనకు రావలసిన పాయింటును పోగొట్టుకొనుట న్యాయము కాదు. అన్యాయమైన లోకము ఆ భారమును పసివాని భుజములపై నుంచినది. ఐనను ఆ బాలుడు ఆ భారమును మోయుచు ఒక శక్తిని సంపాదించెను. బంతి గీతపై పడెనా, వెలుపల పడెనా యను కోపమును మరుక్షణమే విడిచి, రాబోవు బంతిని చూచు శక్తి యది. టెన్నిసు ఆటలో ఇంతకంటె విలువైన శక్తి లేదు.

చెక్కనేలపై క్రొత్త ఆట

రిచ్‌మండ్‌లో శీతకాలమున ఆడుటకు పైకప్పుగల కోర్టులలోనికి నల్లజాతివారిని రానిచ్చువారు కారు. అందుచే ఉన్నత పాఠశాలలోని కడపటి సంవత్సరమున, 1960లో, ఆష్ ఇల్లు విడిచి సెయింట్ లూయీ నగరమునకు పోయి, డాక్టరు జాన్సన్ గారి మిత్రులగు నొక ఉపాధ్యాయుని యింట నుండి చదువుకొనెను. అచ్చట ఆడిన కోర్టు చెక్కపలకల నేల. మట్టినేలపై బంతి మందగించి లేచును. చెక్కనేలపై జారినట్లు వేగముగ దూసికొని పోవును. వెనుకగీత యొద్ద నిలిచి ఓపికతో బంతులు తిప్పికొట్టు పాత ఆట అచ్చట సాగదు. అందుచే అతడు బలమైన సర్వీసు కొట్టి, వెంటనే వల దగ్గరకు పరుగెత్తి, బంతి నేల తాకకమునుపే తిప్పికొట్టు పద్ధతి నేర్చుకొనెను. (ఆటను ప్రారంభించుచు కొట్టు మొదటి దెబ్బకే సర్వీసు అని పేరు.) ఇది అతని జీవితమున రెండవ మార్పు. మొదటి మార్పు తండ్రి యాజ్ఞచే జరిగినది. రెండవదానిని అవసరము నేర్పినది.

ఆ తరువాత లాస్ ఏంజిలీసునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున విద్యార్థివేతనముతో చదివి 1966లో పట్టభద్రుడయ్యెను. 1963లోనే అమెరికా దేశపు డేవిస్ కప్ జట్టునకు ఎన్నుకొనబడిన తొలి నల్లజాతి యువకుడయ్యెను. 1968లో సైన్యమున లెఫ్టినెంటుగా నుండగనే, ఫారెస్ట్ హిల్స్‌లో జరిగిన అమెరికా ఓపెన్ పోటీ గెలిచెను. తుదిపోటీలో హాలండు దేశీయుడగు టామ్ ఓకర్‌ను ఐదు సెట్లలో ఓడించెను. అప్పటి కాయన వేతనము లేక ఆడు అమెచ్యూరు గనుక 14,000 డాలర్ల బహుమానము ఓడిన ఓకర్‌కే దక్కెను. గెలిచిన ఆష్‌కు దినబత్తెము మాత్రమే లభించెను. 1970లో ఆస్ట్రేలియా విజేతయు నయ్యెను.

ఎదుట నిలిచిన గోడ

1975 నాటికి ఆష్‌కు ముప్పదియొక యేండ్లు నిండి, మరి కొలది దినములలో ముప్పదిరెండు రానుండెను. ఆ సంవత్సరము వింబుల్డన్ పోటీలలో ఆయన క్వార్టరు ఫైనలున స్వీడన్ యువకుడగు బియాన్ బోర్గ్‌ను, సెమీఫైనలున ఆస్ట్రేలియాకు చెందిన టోనీ రోష్‌ను గెలిచి తుదిపోటీకి వచ్చెను. ఎదుట నిలిచినవాడు జిమ్మీ కానర్సు. వయస్సు ఇరువదిరెండు. ముందటి యేట, 1974లో, ఆస్ట్రేలియా, వింబుల్డన్, అమెరికా పోటీలు మూడింటను గెలిచినవాడు. ఈ పోటీలలో అప్పటివరకు ఒక్క సెట్టైనను పోగొట్టుకొనలేదు. అంతకుముందు ఆష్‌తో తలపడిన మూడుసార్లును ఇతడే గెలిచియుండెను. కానర్సు గెలుచుట తథ్యమని లోకమెల్ల నమ్మెను.

మరియొక చికాకును కలదు. కానర్సు దేశపు డేవిస్ కప్ జట్టున ఆడకుండుటను ఆష్ విమర్శించి యుండెను. దానిపై కానర్సు న్యాయస్థానమున దావా తెచ్చెను. తనపై దావా వేసినవానితో లక్షలాది జనుల యెదుట ఆడవలసివచ్చినపుడు మనస్సును నిలుపుకొనుట యెంత కష్టమో చదువరులే యూహింపగలరు. ఆ దావా తరువాత విరమింపబడినది.

కానర్సు బలమెట్టిదో తెలిసికొనిననే గాని ఆష్ చేసిన పని బోధపడదు. బంతిని గోడకేసి ఎంత వేగముగ కొట్టినచో అంత వేగముగ అది మనవైపునకు తిరిగి వచ్చును. కానర్సు అట్టి గోడవంటివాడు. ప్రత్యర్థి యెంత బలముగ కొట్టినచో, ఆ బలమునే వాడుకొని అంతకంటె వేగముగ తిప్పికొట్టువాడు. ఆ పోటీల సెమీఫైనలున రాస్కో టానర్ అను యువకుడు మహావేగముగల సర్వీసులతో అతనిని ఎదుర్కొని, మూడు వరుస సెట్లలో ఓడిపోయెను. మరి ఆష్ ఆటయు అట్టిదే. పెద్ద సర్వీసు, బలమైన సూటి దెబ్బ: పదునైదేండ్లుగా ఆయనకు కీర్తి తెచ్చినవి ఇవియే. అనగా ఆయనకు దేనిమీద నమ్మకమో, అదియే శత్రువునకు ఆహారము.

ఈ స్థితిలో మనము చెప్పిన మొదటి తెగవాడు ముందే ఓడిపోవును. రెండవ తెగవాడు మరింత బలముగ కొట్టి ఓడిపోవును. ఆష్ మూడవ మార్గము వెదకెను. పోటీకి ముందటి రాత్రి కొందరు మిత్రులతో కూర్చుండి కానర్సు ఆటలోని బలహీనతలను ఒక్కొక్కటిగా విచారించెను. ఆ విచారణ ఫలితముగా తాను జీవితమెల్ల నేర్చిన ఆటను మరునాడు ఆడకూడదని నిశ్చయించుకొనెను.

1975 జూలై 5

మరునాడు ప్రేక్షకులు చూచిన ఆష్ వారెరిగిన ఆష్ కాడు. బలముగ కొట్టవలసిన చోట మెల్లగ కొట్టెను. వల మీదుగా దాటి క్రిందికి దిగిపోవు మెత్తని బంతులను కానర్సు ముంచేతివైపునకు పంపెను. క్రికెట్టు ఆడు బాలురకు ఇది సులభముగ తెలియును. వేగముగ వచ్చిన బంతికి బ్యాటు తాకించిననే చాలును, అది హద్దు దాటును. నెమ్మదిగా వచ్చిన బంతిని దాటించుటకు బలమంతయు బ్యాటుపట్టినవాడే పెట్టవలెను. అట్లే కానర్సునకు వాడుకొనుటకు వేగము దొరకలేదు. క్రిందుగా వచ్చిన బంతిని పైకి లేపుటలో అది పలుమార్లు వలకు తగులుచుండెను.

కానర్సు ఎడమచేతివాటము వాడు. వెనుచేతి దెబ్బను రెండుచేతులతో పట్టి కొట్టును. రెండు చేతులతో పట్టినవానికి ఒంటిచేతివానికంటె అందు దూరము తక్కువ. అందుచే ఆష్ తన సర్వీసును వంపు తిప్పి, కోర్టు ప్రక్కకు దూరముగా, కానర్సు వెనుచేతివైపునకు పంపెను. దానిని అందుకొనుటకు కానర్సు కోర్టు వెలుపలికి పోవలసివచ్చెను; అంతట కోర్టంతయు ఖాళీగా మిగిలెను. కానర్సు వల దగ్గరకు వచ్చినపుడు ఆష్ తలపైనుండి ఎత్తుగా బంతిని వెనుకకు వేసెను. మొదటి సెట్టు 6-1. రెండవ సెట్టు 6-1. ప్రేక్షకులు తమ కన్నులను తామే నమ్మలేకపోయిరి.

ప్రక్కలు మారునపుడు దొరకు కొద్దిపాటి విరామమున ఆష్ కుర్చీలో కూర్చుండి కన్నులు మూసికొని నిశ్చలముగా నుండెడివాడు. చుట్టును వేలకొలది జనుల కలకలము. ఆయన మాత్రము జరిగిపోయిన పాయింట్లను మనస్సునుండి తుడిచివేసి, రానున్న గేమునకు సిద్ధపడుచుండెను. లించ్‌బర్గ్ కోర్టుపై పసినాట నేర్చినది ఈ విద్యయే కదా!

నాల్గవ సెట్టు

ఇంతవరకు చెప్పినది యుక్తి. అసలైన పరీక్ష ఆ తరువాత వచ్చెను. కానర్సు సామాన్యుడు కాడు. అతడు తలయొగ్గక పోరాడి మూడవ సెట్టును 7-5గా గెలిచెను. నాల్గవ సెట్టున వరుసగా మూడు గేములు గెలిచి 3-0తో ముందంజ వేసెను. గాలి తిరిగినట్లే తోచెను.

ఇట్టి ఘడియలో మనస్సు మనతో ఏమి చెప్పును? “ఈ క్రొత్త పద్ధతి ఇక పనికిరాదు. నీ పాత ఆటకు తిరిగి పొమ్ము. బలముగ కొట్టుము” అని చెప్పును. భయపడిన మానవుడు అలవాటు వైపునకే పరుగెత్తును. పరీక్షలో గడియారము చూచి బెదరిన విద్యార్థి, నేర్చుకొన్న క్రొత్త విధానమును విడిచి, తప్పని తెలిసిన పాత విధానముననే లెక్క చేయుట మేము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. ఆష్ అట్లు చేయలేదు. తాను చల్లని మనస్సుతో నిశ్చయించుకొన్న పద్ధతిని వేడి ఘడియలో విడువలేదు. మెత్తని బంతులు, వంపు సర్వీసులు, ఎత్తు బంతులు మరల సాగెను. 0-3గా నున్న సెట్టు 6-4గా ఆయనకు దక్కెను. పురుషుల వింబుల్డన్ పోటీలలో ఒక నల్లజాతి క్రీడాకారుడు గెలుచుట చరిత్రలో అదియే మొదటిసారి.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. రాత్రి కూర్చుండి ఆలోచించి పద్ధతిని మార్చుట వేరు. ఎదురుదెబ్బ తగిలిన ప్రతిసారియు గాలివాటమున మారుట వేరు. మొదటిది వివేకము, రెండవది చాంచల్యము. మారవలసినపుడు మారుటకు ఎంత ధైర్యము కావలెనో, మారిన పిమ్మట నిలుచుటకును అంత ధైర్యము కావలెను. ఆ దినము ఆష్ ఈ రెండు ధైర్యములను చూపెను.

ఓర్పు వేరు, లొంగుబాటు వేరు

ఈ కథ చదివిన విద్యార్థి యొకడు, “ఇంత ఓర్పు గలవాడు అన్యాయమునకును తలవంచెనా?” అని యడుగవచ్చును. తగిన ప్రశ్నయే. ఆయన మరీ మెత్తనివాడని ఆయన జాతివారే కొందరు నిందించిరి. కాని జరిగినదేమో చూడుడు. వర్ణభేదమును రాజ్యధర్మముగా పాటించిన దక్షిణాఫ్రికా ప్రభుత్వము 1969లోను 1970లోను ఆయనను తన దేశమునకు రానీయలేదు. ఆయన మరల మరల అడిగెను. 1973లో అనుమతి లభింపగా పోయి ఆడెను. ఆ దేశపు నల్లజాతి బాలురు తమవంటి యొకడు తెల్లవారితో సమానముగ నిలిచి ఆడుటను కన్నులార చూచిరి. తరువాత బహిష్కారమే సరియైన మార్గమని తోచినపుడు ఆ పక్షమున నిలిచెను. 1985లో వాషింగ్టన్ నగరమున దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయము నెదుట నిరసన తెలిపి నిర్బంధింపబడెను. ఇచ్చటను గమ్యము మారలేదు, మార్గము మారినది. నెమ్మదియైన కంఠము గలవారందరు పిరికివారు కారు.

కడపటి ఆట

1979 జూలైలో, ముప్పదియారవ యేట, ఆయనకు గుండెపోటు వచ్చెను. ఆ సంవత్సరాంతమున శస్త్రచికిత్స జరిగెను. 1980లో ఆటనుండి విరమించుకొనెను. దేహబలముతో జీవించినవానికి దేహము కూలిపోయినచో మిగులున దేమి? ఆష్ మరల మార్గము మార్చుకొనెను. 1981 మొదలు 1985 వరకు డేవిస్ కప్ జట్టునకు నాయకుడై 1981లోను 1982లోను తన దేశమును గెలిపించెను. ఒక కళాశాలలో పాఠము చెప్పుటకు పూనుకొనినపుడు, నల్లజాతి క్రీడాకారుల చరిత్రను సమగ్రముగ తెలుపు గ్రంథము లేదని గ్రహించి, తానే పరిశోధన చేయించి 1988లో మూడు సంపుటముల గ్రంథమును ప్రకటించెను.

1983లో గుండెకు రెండవసారి శస్త్రచికిత్స జరిగినపుడు ఎక్కించిన రక్తము ద్వారా ఎయిడ్స్ వ్యాధికి కారణమగు సూక్ష్మజీవి ఆయన దేహమున ప్రవేశించెను. ఈ సంగతి 1988లో తెలిసెను. ఆనాడు ఆ వ్యాధికి తగిన చికిత్స లేదు; రోగులను లోకము భయముతోను అసహ్యముతోను చూచుచుండెను. చిన్నకుమార్తె గల ఆయన దీనిని కుటుంబ విషయముగనే దాచుకొనదలచెను. 1992లో ఒక వార్తాపత్రిక ఈ సంగతి నడుగగా, ఏప్రిల్ 8వ తేదీన తానే లోకమునకు చెప్పవలసివచ్చెను. తన యిష్టము లేకయే తలుపు తెరువబడినది. ఐనను తెరువబడిన తలుపును మంచికే వినియోగించెను. ఆ వ్యాధిని జయించుటకై ఒక సంస్థను స్థాపించి, 1992 డిసెంబరు 1వ తేదీన ఐక్యరాజ్యసమితి సభ యెదుట ప్రసంగించెను. 1993 ఫిబ్రవరి 6వ తేదీన, నలువదితొమ్మిదవ యేట, మరణించెను. 1997లో న్యూయార్కున కట్టబడిన గొప్ప టెన్నిసు క్రీడామందిరమునకు ఆయన పేరు పెట్టిరి. ఒకనాడు తన యూరి కోర్టులలోనికి రానీయబడని బాలుని పేరు అది.

మన పాఠము

ఈ చరిత్రమునుండి మేము గ్రహించిన విషయములు మూడు. మొదటిది: బలహీనత శత్రువునందు మాత్రమే వెదకదగినది కాదు, మన బలముగ నెంచునదియే ఒక్కొకప్పుడు మన బలహీనత యగును. రెండవది: మార్పును చల్లని వేళ ఆలోచించి నిశ్చయింపవలెను, వేడి వేళ దానిని నిలుపుకొనవలెను. మూడవది: పెద్ద దినమున కావలసిన మనోనిబ్బరము ఆ దినమున పుట్టదు. అది గీత వెలుపల పడిన బంతులకు కోపపడక ఆడిన వేయి చిన్న దినములలో పుట్టును.

తల్లిదండ్రులకును ఒక మాట మనవి చేయుచున్నాము. ఆష్ తండ్రి కఠినుడే. కాని కుమారుడు మొండితన మూనిన దినమున కొట్టుటకు రాలేదు. పనిమాని అంత దూరము వచ్చి, గురువు మాటకు తన మాట తోడుచేసి పోయెను. ఇల్లును బడియు ఒకే మాట పలికినపుడు మొక్క వంగుట సులభము. అట్లు వంగిన మొక్కయే మానై, తుపానులో వంగియు విరుగక నిలుచును.

విద్యార్థులు ఆలోచించి సమాధానములు వ్రాయవలసిన ప్రశ్నలు

1. కానర్సును వేగముతో గెలుచుట యేల కష్టము? గోడ, బంతి ఉపమానముతో వివరింపుడు.
2. వివేకముతో మారుటకును చాంచల్యముతో మారుటకును గల భేదమేమి? మీ చదువునుండి ఒక్కొక్క ఉదాహరణ మిండు.
3. డాక్టరు జాన్సన్ గారి నియమము న్యాయమైనది కాకపోయినను ఆయన దానిని ఏల విధించిరి? ఆ స్థితిలో మీరున్నచో ఏమి చేయుదురు?
4. గత సంవత్సరమున మీరు ఓడిన పని యొకటి తలచుకొనుడు. గమ్యమును మార్చక మార్గమును మార్చుటకు వీలుండెనా? పది పంక్తులలో వ్రాయుడు.